508508: నంబర్ సిస్టమ్‌కు ఈ ఒక్క సంఖ్య విప్పి చూడండి

నల్లగొండ వైపు పిన్‌కోడ్‌లు 508తో మొదలవుతాయి కదా, ఆ మూడంకెలనే పక్కపక్కన రెండుసార్లు రాయండి: 508508. గ్రూప్స్‌కో కానిస్టేబుల్‌కో చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పైపైన వంద బిట్లు చేసేకన్నా దీన్ని మొత్తం విప్పడం మేలు.

మూడంకెల సంఖ్యను రెండుసార్లు రాస్తే 1001తో గుణించినట్టే. అంటే 508 × 1001. ఇక్కడిదాకా అందరూ వస్తారు, తప్పు కూడా ఇక్కడే పడుతుంది. 508ని 2² × 127గా విడగొట్టి, 1001ని అట్లనే వదిలేసి, 3 × 2 × 2 = 12 భాజకాలని టిక్ పెడతారు. 1001 చూడ్డానికి ప్రధాన సంఖ్యలా ఉంటుంది, కానీ 7 × 11 × 13. ఇది బట్టీ పట్టాల్సిందే. మరి 127? 12² = 144 దాటిపోతుంది కాబట్టి 2, 3, 5, 7, 11తో చూస్తే చాలు. దేనితోనూ పోదు, ప్రధాన సంఖ్యే.

508508 = 2² × 7 × 11 × 13 × 127. ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 3 × 2 × 2 × 2 × 2 = 48 భాజకాలు. సరి భాజకాలెన్ని అంటే సగం చేసి 24 అనేస్తారు. కాదు. 2 అసలు లేకుంటేనే బేసి, అవి 16. మిగతా 32 సరి. భాజకాల మొత్తం 7 × 8 × 12 × 14 × 128 = 12,04,224; ఇందులో మొదటి 7 అంటే 1 + 2 + 4, కారణాంకం 7 కాదు.

ఏ కనిష్ఠ సంఖ్యతో గుణిస్తే పరిపూర్ణ వర్గం అవుతుంది? జత లేనివన్నీ కావాలి: 7 × 11 × 13 × 127 = 127127. లబ్ధం 254254కు వర్గం. భాగించమన్నా ఆ 127127నే, అప్పుడు 4 మిగులుతుంది. పరస్పర ప్రధానమైన (1 తప్ప ఉమ్మడి భాజకం లేని) రెండు సంఖ్యల లబ్ధంగా ఎన్ని రకాలుగా రాయొచ్చంటే, వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఐదు కాబట్టి 2⁵⁻¹ = 2⁴ = 16. ఇక్కడ 4ను చీల్చి చెరో 2 ఇవ్వకూడదు, మొత్తం ఒకవైపే పోవాలి.

పాలమూరు 509తో పోల్చండి. 509 ప్రధాన సంఖ్య కాబట్టి 509509కి భాజకాలు 16 మాత్రమే. ఒక్క అంకె తేడాకు 48 ఎక్కడ, 16 ఎక్కడ!

5858ని కూడా 58 × 1001 అనుకోవద్దు. రెండంకెలకు 101 వాడాలి. 58 × 1001 అంటే 58058.

ఇంకొకటి మీరే చేయండి: నల్లగొండ 508001 ప్రధాన సంఖ్యేనా? 1001 = 7 × 11 × 13 కాబట్టి, మూడేసి అంకెల తేడా వీటిలో దేనితో పోతే సంఖ్య కూడా దానితో పోతుంది. ఇక్కడ ఆ తేడా 508 − 1 = 507 = 3 × 13². అంటే 13తో పోతుంది, 7, 11తో పోదు. మిగిలిన 39077 దగ్గర చాలామంది ఆగిపోతారు. 23 దాకా ఓపిక పట్టండి, 23 × 1699 వస్తుంది. ఆ 1699 మీద 41 దాకా చూస్తే పని అయిపోయినట్టే.