నా వంతు నూన్

లామెద్ ఫోన్ చేసి, "మన బోర్డింగ్ బడి సమ్మేళనం సంచికకి రెండు పేజీలు రాయవే నూన్, నెలాఖరులోపు పంపాలి" అంది. ఆసుపత్రిలో అందరికీ నేను సిస్టర్‌ని. ఇంట్లో ఈమధ్యే అమ్మమ్మనయ్యాను. నూన్ అనే హెబ్రీ అక్షరంతో నన్ను పిలిచేది లోకంలో బోర్డింగ్‌లో నాతో చదివిన మీరొక్కరే. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు.

బడి ప్రగతి గురించి, భవనాల గురించి దాలెత్ రాస్తోందట. ఆటల పోటీలు షీన్ చూసుకుంటుంది. నాకు రాయడానికి ఉన్నదల్లా పొద్దున్న ఐదింటి ప్రార్థనే. వేపచెట్టుకి కట్టిన రైలు పట్టా ముక్క మోగడం, బావి దగ్గర చన్నీళ్లు, చాపలు పరుచుకోవడం, లాంతరు చిమ్నీ తుడిచే వంతు ఎవరిదో మర్చిపోవడం. ఆ తర్వాత తెలుగు టీచరమ్మ చెప్పుల చప్పుడు.

టీచరమ్మ బైబిలు మీకు గుర్తుండే ఉంటుంది. ఖాకీ గుడ్డ అట్ట. కీర్తనల గ్రంథంలో ఐదు దారాలు. జాకెట్లు కుట్టగా మిగిలినవి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఇంకొకటి వెలిసిపోయిన గులాబీ రంగు. రోజూ ప్రార్థన అయ్యాక ఆ ఐదింటినీ ఒక్కొక్క కీర్తన ముందుకి జరిపేది. వేలి చివర తడి చేసుకోకుండా, కాగితం మడత పడకుండా, చంటిబిడ్డ జుట్టు సర్దినట్టు సర్దేది.

మా నర్సింగ్ పిల్లలకి ఈ లెక్క చెబితే ఆశ్చర్యపోతారు. నూట యాభై కీర్తనలు, ముప్పై రోజులు, రోజుకి ఐదు. ఒకటో తేదీన 1, 31, 61, 91, 121. రెండో తేదీన 2, 32, 62, 92, 122. తేదీ తెలిస్తే చాలు, ఆ రోజు కీర్తనలేవో తెలిసిపోతాయి. కేలండరు చూడకుండా తేదీ చెప్పడం నాకు అలా అలవాటైంది. 119వ కీర్తన మాత్రం ఇరవై తొమ్మిదిన చదవనిచ్చేది కాదు. 176 వచనాలు కదా, దాన్ని ముప్పై ఒకటో తేదీకి దాచేది. ఆ కీర్తన హెబ్రీ అక్షరాల వరసలో ఉంటుంది, అక్షరాలు ఇరవై రెండు, అక్షరానికి ఎనిమిది వచనాలు, మన బ్యాచ్‌లో బోర్డింగ్ పిల్లలం సరిగ్గా ఇరవై రెండు మందిమి. అంత చక్కగా కుదరడం దేవుడి పనే అని టీచరమ్మ నమ్మేది, నేనూ నమ్ముతున్నాను. మొదటి అక్షరం ఆలెఫ్ నుంచి చివరి అక్షరం తౌ వరకు మనకి పంచేసింది. ఆ వంతులే మన పేర్లయిపోయాయి. తౌ పాపం "తప్పిపోయిన గొఱ్ఱెవలె" దగ్గర ప్రతిసారీ గొంతు తగ్గించేది.

నాకు దక్కింది "నీ వాక్యము నా పాదములకు దీపమును". లాంతరు దగ్గర కూర్చుని ఆ మాట చదవడం నాకెంత గర్వంగా ఉండేదో అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ మనకి నేర్పింది చదవడం కాదు, చదివినదాన్ని ప్రార్థనగా మార్చుకోవడం. కీర్తన ఒకసారి పైకి చదవాలి. తర్వాత అందరం ఊరుకోవాలి. అప్పుడు వంతు పిల్లని అడిగేది, "ఏ మాట నీ కొంగు పట్టుకుందమ్మా?" ఆ మాటతోనే ప్రార్థన మొదలెట్టాలి. "మహాఘనుడవైన, మహోన్నతుడవైన" అని గుక్క తిప్పుకోకుండా అందుకున్నామా, చెయ్యెత్తి ఆపేది. "అది ఎవరో కట్టిన దండ తల్లీ. నువ్వు ఇవాళ కోసిన పువ్వు ఒక్కటి పెట్టు." బేత్ చేసిన ప్రార్థన ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. ఇరవై ఏడో తేదీ, 147వ కీర్తన. "అరచుచుండు పిల్లకాకులకు ఆహారమిచ్చే తండ్రీ, మా నాన్న పొగాకుకి ఈసారన్నా మంచి ధర రానియ్యి, మా తమ్ముడు కూడా కాకిపిల్లలాగే అరుస్తున్నాడంట, ఆమేన్." ఎవరం నవ్వలేదు. మనలో సగం మంది ఇళ్లలో పొగాకు ఆరబెట్టే బేరన్ల ముచ్చటే.

ఇక నా ఇరవై ఎనిమిదో తేదీ.

తొమ్మిదో తరగతి, నవంబరు. నాన్న భూస్థాపన అయింది, ఆదరణ కూడిక అయింది. పరీక్షలు పోతాయని అమ్మ నన్ను ఇరవై ఏడు సాయంత్రం బస్సెక్కించింది. మర్నాడు పొద్దున నా వంతు. మార్చుకుంటానని లామెద్ అంది, టీచరమ్మ కూడా సరేనంది. నేనే వద్దన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఐదు కీర్తనల్లో ఏది చదవాలన్నది వంతు పిల్ల ఇష్టం కదా. 118 తియ్యమని లామెద్ పక్కనుంచి వేలు చూపించింది. "ఆయన కృప నిరంతరము నిలుచును" అని ఉంటుంది, పిల్ల ఓదార్పు పొందుతుందని దాని ఆశ. నా వేలు ఆకుపచ్చ దారం మీద పడింది. 88.

చదువుతూ పోయాను. దాదాపు ఏ కీర్తనైనా ఎంత ఏడ్చినా చివరికి ఎక్కడో ఒకచోట తేరుకుంటుంది. ఇది తేరుకోదు. పద్దెనిమిదో వచనం, "చీకటియే నాకు బంధువర్గమాయెను". అక్కడితో అయిపోయింది. పేజీ తిప్పి చూశాను, ఇంకేమన్నా ఉందేమోనని. 89 మొదలైంది.

ఏ మాట కొంగు పట్టుకుందని ఆవిడ అడగలేదు. లేచి వచ్చి నా చాప మీదే కూర్చుంది. చెయ్యి నా వీపు మీద వేసింది, సుద్దముక్క వాసన. "ఇదీ ప్రార్థనేనమ్మా. ఇన్ని వేల ఏళ్లూ దేవుడు దీన్ని తన పుస్తకంలోంచి తీసెయ్యలేదు. ఇవాళ నువ్వు దీనికి ఏమీ కలపక్కర్లేదు" అంది. తర్వాత ఆమేన్ అంది. మీ ఇరవై ఒక్కమందీ ఆమేన్ అన్నారు. అందరికంటే ఆలస్యంగా, ఒక్కదాన్నే, నేనూ అన్నాను. ఆ రోజు గోధుమరవ్వ ఉప్మా దగ్గర సాదె తన గిన్నె నా గిన్నెలోకి వంచేసి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. సాదె, నువ్వు మర్చిపోయుంటావు.

వారం తర్వాత టీచరమ్మ నన్ను పిలిచి, "మొదటి వచనం మళ్లీ చూడు, ఎవరిని పిలుస్తున్నాడో" అంది. రక్షణకర్తవగు దేవా అని పిలుస్తున్నాడు. అంత చీకట్లోనూ పిలవడం మానలేదు. అంతకుమించి ఆవిడ వివరించలేదు.

జనవరి ఒకటిన చీకటితో ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కడం గురించి రాయకపోతే మీరు ఊరుకోరు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీలు జ్యూయెట్ దంపతులు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండ మీద మోకరించారు. అంతకుముందు ఏడాదే ఈ బాప్టిస్టు తెలుగు మిషను మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. వాళ్లు కూడా ముందు వాక్యం చదివి ఆ తర్వాతే ప్రార్థించారని, చదివింది యెషయా 52వ అధ్యాయంలోదని టీచరమ్మ చెప్పేది. 1878లో గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమివ్వడం గురించి మన చరిత్ర మాస్టారు గొంతెత్తి చెప్పేవారు. టీచరమ్మ మాత్రం ఆ ఐదుగురి దగ్గరే ఆగేది. నాకూ ఆ ఐదుగురే ఇష్టం. కింద ఒంగోలు దీపాలు నాలుగైదు కనబడుతుంటే, ఆ చలిలో పళ్లు కటకటలాడుతూ ఆ యెషయా అధ్యాయమే చదివాం.

పదో తరగతి గురించి నాకేమీ గుర్తులేదు. 1984లో పాసయ్యాను, అంతే. నర్సింగ్ ట్రైనింగ్, పెళ్లి, నైట్ డ్యూటీలు, పిల్ల చదువు. ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో హెడ్ నర్సుని. నా చేతికింద నేర్చుకున్న పిల్లలు చాలా ఊళ్లలో పనిచేస్తున్నారు. నాన్న చూసుంటే బాగుండేది.

2021 మే 28 రాత్రి నాది కరోనా వార్డు. పీపీఈ కిట్‌లో ఉన్నాను, బైబిలు లోపలికి తేలేం. మూలమంచం మీద పెద్దాయన మాస్కు తీసి, "మావాళ్లెవరన్నా వచ్చారా అమ్మా" అని అడిగాడు. లోపలికి ఎవరినీ రానివ్వరని ఆయనకీ తెలుసు. మాస్కు సర్ది, గ్లవుజు చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఇరవై ఎనిమిదో తేదీ. ఆకుపచ్చ దారం. నోరు మెదపకుండా పద్దెనిమిది వచనాలూ చెప్పుకున్నాను, ఆయన కోసం. బంధువర్గమాయెను దగ్గర ఆగాను, ఏమీ కలపలేదు. మర్నాడు రాత్రి డ్యూటీకి వెళ్లేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. డాక్టరు రౌండ్స్‌కి వచ్చేలోపు మొదటి వచనం చెప్పుకుని పనిలో పడ్డాను.

సమ్మేళనం ముప్పై ఒకటిన పెట్టినందుకు కమిటీకి చాలా థాంక్స్, కావాలనే పెట్టారని నాకు తెలుసు. టీచరమ్మ లేదు. హే లేదు, పే లేదు. వాళ్ల వచనాలు ఎవరూ పంచుకోవద్దు, ఆ చోట వాళ్ల కూతుళ్లని పిలిచి చదివిద్దాం, లామెద్ వాళ్లతో మాట్లాడింది. తౌ అడ్రసు ఎవరికన్నా దొరికితే రాత్రైనా సరే నాకు ఫోన్ చెయ్యండి. నేను ముప్పై సాయంత్రానికే వచ్చేస్తున్నాను. చాపలు నేను తెస్తాను, లాంతరు ఎవరి దగ్గరుందో చూడండి.