మిషిగన్ ఒడ్డున నడవొచ్చు సరే, తవ్వొచ్చా?

అమెరికాలోని లేక్ మిషిగన్ సరస్సు తూర్పు ఒడ్డు వెంబడి సౌత్ హేవెన్ నుంచి ఉత్తరానికి వెళ్దామన్నది మా బావ ప్లాన్. కారు డిక్కీలో మెటల్ డిటెక్టర్, ఇసుక తోడే పొడుగు కాడ స్కూప్ ఉన్నాయి. ఒడ్డున మన హక్కు ఎంతవరకో తెలుసుకోవాలన్నది నా కోరిక.

ఇది మంచినీటి సరస్సు. సముద్రం దగ్గర తడి ఉప్పు ఇసుక మీద మామూలు డిటెక్టర్లు ఊరికే మోగుతుంటాయి. ఇక్కడ ఆ బాధ లేదు కానీ, అలలు చారలుగా పేర్చిన నల్ల ఇసుకలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. దాని మీద డిటెక్టర్ కాయిల్ తిప్పితే ఒకటే గోల. ముందు రోజు గాలి గట్టిగా వీచి పైఇసుకను లాక్కుపోవడం మాకు కలిసొచ్చింది. బంగారు ఉంగరం, పాత కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగు దాదాపు ఒకేలా మోగుతాయి. చెత్తే కదా అని వదిలేస్తే ఉంగరాన్నీ వదిలేసినట్టే. అందుకే బావ ప్రతి సిగ్నల్‌నూ తవ్వి, గుంట పూడ్చి, రింగులన్నీ సంచిలో వేసుకున్నాడు. చివరికి ఒక వెండి డైమ్, అంటే పది సెంట్ల నాణెం, దొరికింది. 1964 వరకు ఆ నాణేల్లో 90 శాతం వెండే.

మేం తవ్విన ఆ చోటు స్టేట్ పార్క్. ఇలాంటి కొన్ని పార్కుల్లో గుర్తించిన చోట్లలోనే డిటెక్టర్ వాడాలి. దొరికినవాటిని సిబ్బందికి చూపించాలి కూడా. మేం చూపించాం, వాళ్లు చూసి ఇచ్చేశారు.

పార్క్ హద్దు దాటాక ఇళ్లు మొదలయ్యాయి. ‘ప్రైవేట్ బీచ్, నీటి దాకా మాదే’ అని ఒక బోర్డు. మేం తడి ఇసుక మీదే నడుస్తుంటే ఆ ఇంటి పెద్దాయన దిగి వచ్చారు. బావ మర్యాదగానే, “నడవడానికి మాకు హక్కుందండీ” అన్నాడు. ఆయన డిటెక్టర్ వైపు చూసి, “నడవండి. తవ్వడానికి మాత్రం నేను ఒప్పుకోను” అన్నారు. బావ వెంటనే మిషన్ ఆపేశాడు.

నా దృష్టిలో ఆయన బోర్డు తప్పు, మాట ఒప్పు. 2005లో గ్లాస్ వర్సెస్ గోకెల్ కేసులో మిషిగన్ సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. పట్టా నీటి దాకా ఉన్నా సరే, ‘ఆర్డినరీ హై వాటర్ మార్క్’కు కింద జనం నడవొచ్చు. నీళ్లు పదేపదే వచ్చిపోయి నేల మీద, మొక్కల మీద స్పష్టంగా ముద్ర వేసిన చోటే ఆ గుర్తు. కానీ తీర్పు నడక గురించి. స్కూప్ దించడానికీ అది చాలుతుందని నేను అనుకోను.

హద్దును నీటి అంచుకు కట్టేయకపోవడం నాకు చాలా న్యాయంగా అనిపించింది. ఈ సరస్సు 2013 జనవరిలో రికార్డు స్థాయికి పడిపోయింది. 2020 వేసవికి ఆరడుగులకు పైగా లేచి ఇసుక తిన్నెలను కోసేసింది. అంచుతో పాటే హక్కూ జరుగుతుంటే, ఒక ఏడు నడిచిన దారి ఇంకో ఏడు నేరమైపోతుంది.

స్లీపింగ్ బేర్ డ్యూన్స్ చేరేముందు డిటెక్టర్‌ను విడదీసి బ్యాగులో కట్టేశాం. అది జాతీయ పార్కులను చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ, నేషనల్ పార్క్ సర్వీస్ నేల. అక్కడ వాడటమే కాదు, వాడేందుకు సిద్ధంగా చేతిలో ఉన్నా తప్పే. బావకు కాస్త దిగులేసింది. ఆ ఇసుక కింద ఉన్నవి పురావస్తువులైతే వాటి చోటు, లోతు కూడా చరిత్రే కదా, నాకైతే ఆ నిషేధం ఉండాల్సిందే అనిపించింది.

ఈసారి ఇదే సరస్సు దక్షిణ ఒడ్డున ఉన్న ఇండియానా రాష్ట్రం వైపు వెళ్లాలని ఉంది. 2018లో అక్కడి సుప్రీంకోర్టు, ఆ గుర్తు దాకా నేల రాష్ట్రానిదేనని తీర్పిచ్చింది. 2020 చట్టం నడక, చేపలు పట్టడం, పడవ, ఈత అని పేరుపెట్టి చెప్పింది. ఆ పేర్లలో తవ్వకం లేదు. అందుకని బయల్దేరే ముందే ఆ రాష్ట్ర సహజ వనరుల శాఖకు మెయిల్ రాసి, జవాబు చేతిలో పెట్టుకుని వెళ్దామని బావా నేనూ అనుకున్నాం.