కరివేపాకు పొడికి ధర కట్టడం: ఒక శిక్షణ, ఒక రుణం, నా అనుభవం

డ్వాక్రా సంఘంలో ఉన్న ఆడవాళ్లకు అప్పు పుట్టడం మా గోదావరి పల్లెల్లో ఇప్పుడు పెద్ద కష్టమేమీ కాదు. 1982లో ఆ పథకం మొదలైన తరువాత, ఆపైన 2000 నుంచి ప్రభుత్వ పేదరిక నిర్మూలన కార్యక్రమమైన వెలుగు ప్రాజెక్టు సంఘాలను గ్రామైక్య సంఘాలుగా, మండల సమాఖ్యలుగా కూర్చిన తరువాత, వాయిదా తప్పని సంఘానికి బ్యాంకులు అడిగిన ప్రతిసారీ ఇస్తూనే ఉన్నాయి. ఆ డబ్బు చేతిలో పడ్డాక దానితో ఏం చేయాలన్నదే ఎవరూ నేర్పని విషయం. మా సంఘంలో తీసుకున్న అప్పులు పిల్లల ఫీజులకు, పుట్టింటి శుభకార్యాలకు, ఇంటాయన ఆటో కిస్తీలకు పోయేవి. అవి అనవసరపు ఖర్చులని నేననను, కానీ వాటిలో ఏదీ తిరిగి డబ్బు తెచ్చేది కాదు కనుక, కూలికి వెళ్లి ఆ వాయిదాలు తీర్చడమే మిగిలేది.

నేనూ మా తోడికోడలూ కలిసి కందిపొడి, నువ్వుల కారం, కరివేపాకు పొడి చేసి ఊళ్లోనూ, చుట్టుపక్కల తెలిసినవాళ్లకూ అమ్ముతుండేవాళ్లం. రుచి బాగుంటుందన్న పేరు ఉంది, అడిగి కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. 2023లో ఆర్‌సెటి వారు అప్పడాలు, పచ్చళ్లు, మసాలా పొడుల తయారీలో పది రోజుల శిక్షణ ఇస్తున్నారని గ్రామైక్య సంఘం సమావేశంలో చెప్పినప్పుడు ఇద్దరమూ పేర్లు ఇచ్చాము. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలనే ఆర్‌సెటి అంటారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ఆలయ ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే, రెండు బ్యాంకులు కలిసి స్థాపించిన సంస్థను చూసి, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ తరువాత బ్యాంకుల ద్వారా జిల్లా జిల్లాకూ అలాంటివి పెట్టించింది. శిక్షణ ఉచితం, భోజనం, వసతి వారివే. మేము చేరినప్పుడు 18 నుంచి 45 ఏళ్ల వయసు వారిని తీసుకునేవారు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం నకళ్లు, ఫొటోలు ఇస్తే సరిపోయింది. పది రోజులు ఇల్లు విడిచి ఎలా ఉంటారని మా అత్తగారు అడిగారు. ఇద్దరు కోడళ్లూ ఒకేసారి వెళ్తున్నారన్న కోపం ఎంత ఉందో, ఒకరికొకరు తోడుంటారన్న ధైర్యమూ అంతే ఉందని నాకు తరువాత అర్థమైంది.

ఈ తోడు సంగతి చిన్నదని అప్పట్లో అనుకున్నాను. అహ్మదాబాద్‌లో 'సేవ' అనే మహిళా కార్మికుల సంఘం పెట్టిన సేవా బ్యాంకులో ఖాతాదారులైన మహిళలకు వ్యాపార శిక్షణ ఇచ్చి ఆర్థికవేత్తలు పరిశీలించినప్పుడు, స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చినవారే ఎక్కువగా అప్పు తీసుకుని వ్యాపారంలో పెట్టారని తేలిందట. మాకు పాఠం చెప్పిన సారు ఈ మాట చెప్పినప్పుడు ఆశ్చర్యమనిపించలేదు. ఇంటికి వచ్చాక నేర్చుకున్నదాన్ని అనుమానించేవాళ్లు పదిమంది ఉంటారు, "అవును, అక్కడ అలాగే చెప్పారు" అనడానికి ఇంకొక మనిషి కావాలి.

శిక్షణలో వంట నేర్పిన భాగం మాకు అంతగా పనికిరాలేదని చెప్పాలి. స్ఫూర్తి ప్రసంగాలు కూడా అవసరానికి మించి ఉన్నాయి. మనసులో నిలిచినది రింగులాట. నేల మీద ఒక కర్ర పాతి, ఎంత దూరం నుంచి రింగు విసురుతారో ఎవరికి వారు ముందే చెప్పి విసరాలి. కర్ర పక్కనే నిలబడి వేస్తే రింగు పడుతుంది కాని మార్కులు రావు, మరీ దూరం నుంచి వేస్తే మార్కులు ఎక్కువే కాని రింగు పడదు. మొదటిసారి దాదాపు అందరమూ దగ్గర నుంచే వేశాము. ఎదుటివాళ్లు నవ్వుతారేమోనన్న భయం తప్ప అందుకు వేరే కారణం లేదు. ఓపిగ్గా లెక్క వేసుకుని, అందీ అందనంత దూరాన్ని ఎంచుకోవడం వ్యాపారికి ఉండాల్సిన గుణమని సారు వివరించారు. ఈ తరహా శిక్షణకు మూలం మా కాకినాడలోనే ఉందని ఆయన చెప్పినప్పుడు గది అంతా ఒక్కసారి కదిలింది. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని సంస్థకు పిలిపించి, సాధించాలన్న పట్టుదలను శిక్షణతో పెంచవచ్చునా అని పరీక్షించారట. ఆ సంస్థే ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ. శిక్షణ పొందినవారు, పొందనివారికంటే ఎక్కువగా కొత్త పెట్టుబడులు పెట్టి, ఎక్కువ మందికి పని కల్పించినట్లు తరువాతి పరిశీలనలో తేలింది. అప్పుడు పిలిచింది అప్పటికే వ్యాపారంలో స్థిరపడినవారిని. అదే పాఠం సంఘాల ఆడవాళ్ల దాకా రావడానికి ఇన్ని దశాబ్దాలు ఎందుకు పట్టిందో ఆలోచించవలసిన విషయం.

మాతో పాటు డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలు కొందరు ఉండేవారు. ఫోనులో దరఖాస్తులు నింపడంలో, లెక్కల్లో మాకంటే చాలా చురుకు. అయితే వాళ్ల చిక్కు వేరు: వ్యాపారం ఒక ఊరిని పట్టుకుని పెరుగుతుంది, పెళ్లయితే పిల్ల ఊరు మారిపోతుంది. అందుకే సారు వారికి పొడుల యూనిట్ కంటే, ఏ ఊరు వెళ్లినా వెంట వచ్చే మగ్గం పని, కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సు గురించి ఎక్కువగా చెప్పారు. ఆ సలహా ఆచరణకు తగినదే, కాని ఆడపిల్ల పెట్టుబడి పెట్టకముందే ఊరు విడిచే రోజును లెక్కలో వేసుకోవలసి రావడం నాకు రుచించలేదు.

శిక్షణ అంతటిలో విలువైనది ధర కట్టే పాఠం. మా ప్రాంతంలో ఇంటి దగ్గర అమ్మే పొడులన్నిటికీ ఒకటే ధర చెప్పడం అలవాటు. సారు కరివేపాకు పొడిని తీసుకుని, కిలో పచ్చి ఆకు తెప్పించి, మా చేతనే రెబ్బలు దూయించి, కడిగించి, నీడన ఆరబెట్టించారు. ఆకు గలగలలాడేటట్లు ఎండాక తూస్తే కాటా 200 గ్రాములైనా చూపలేదు. ఎండుమిర్చిలో తొడిమల తరుగు వేరు. ఆపైన మినప్పప్పు, జీలకర్ర, చింతపండు, ఉప్పు, గ్యాసు, కవరు, లేబుల్, కొట్టు దాకా ఆటో ఖర్చు ఒక్కొక్కటీ బోర్డు మీద రాయించారు. రాయడం అయ్యాక, "మీ ఇద్దరి కూలి ఏదమ్మా?" అని అడిగారు. వెనక వరసలోంచి ఒకావిడ, "ఇంట్లో చేసే పనికి కూలేమిటండీ?" అంది. "ఉపాధి హామీ పనికి వెళ్తే ఎంత వస్తుంది?" అని ఆయన అడిగితే, ఆ ఏడాది మన రాష్ట్రంలో రోజుకు 272 రూపాయలని అందరమూ ఒక్క గొంతుతో చెప్పాము. ఆ అంకెను గంటల్లోకి మార్చి, ఆకు దూయడానికీ, వేయించడానికీ, పొట్లాలు కట్టడానికీ పట్టే సమయంతో హెచ్చవేయించారు. కిరాణా కొట్టువాడికి ఇచ్చే లాభం కూడా కలిపాక, కందిపొడి ధరకే కరివేపాకు పొడి అమ్మితే పొట్లం పొట్లానికీ నష్టమేనని బోర్డు మీద తేలింది.

శిక్షణ అయ్యాక రెండేళ్ల పాటు ఆర్‌సెటి వారు అభ్యర్థుల బాగోగులు కనుక్కుంటారు. మాకు అదనంగా దక్కిన అదృష్టం, సామర్లకోట వైపు సొంతంగా చిన్న ఆహార యూనిట్ నడుపుతున్న ఒక అక్కగారిని సారు పరిచయం చేయడం. శిక్షణ పది రోజులతో ముగిసింది, అక్కగారి ప్రశ్నలు మాత్రం ఇప్పటికీ ముగియలేదు. నా దృష్టిలో మమ్మల్ని నిలబెట్టింది ఆ ప్రశ్నలే. నెలాఖరుకు ఫోను చేసి, "బాగున్నారా" అన్న తరువాత ఆమె అడిగేది నోటుబుక్కు గురించే: ఎవరెవరు ఎంత బాకీ, ఏ పొడి ఎంత మిగిలింది, వ్యాపారం డబ్బులోంచి ఇంటికి ఎంత తీశారు. ఇంటికి తీయవద్దని ఆమె ఎప్పుడూ అనలేదు. కూలిగా ఇంత అని రాసి తీసుకోమనీ, రాయకుండా మాత్రం పది రూపాయలైనా తీయవద్దనీ అనేది.

కాగితాల పనిలో మొదటి రెండూ సులువుగానే అయ్యాయి. ఉద్యమ్ నమోదుకు ఆధార్, పాన్ ఉంటే చాలు, రుసుము లేదు. 2020 జులై నుంచి చిన్న పరిశ్రమలన్నిటికీ ఇదే నమోదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్‌కు మేము చేసినప్పుడు ఏడాదికి 100 రూపాయలు తీసుకున్నారు. అప్పట్లో ఏడాది అమ్మకం 12 లక్షల రూపాయల లోపు ఉన్నవారికి అది సరిపోయేది. ఈ రెండు పనులకూ వేలల్లో అడిగే మధ్యవర్తులు ప్రతి మండల కేంద్రంలోనూ ఉంటారు కనుక ఈ అంకెలు చెబుతున్నాను. లేబుల్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త కావాలి. పదార్థాలను బరువులో ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క గుర్తు వేయాలి, 14 అంకెల రిజిస్ట్రేషన్ సంఖ్య, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, నికర బరువు, పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. ప్రెస్సువాడు అందంగా వేస్తానని అక్షరాలను చీమలంత చేస్తే, అచ్చుకు ఇవ్వకముందే అక్కగారు ఆపించారు.

రుణం దగ్గర మాకు బాగా ఆలస్యమైంది. పొడి కొట్టే పల్వరైజరు, వేయించే యంత్రం, పొట్లాల మూతి అతికించే బ్యాండ్ సీలరు, కొంత షెడ్డు మరమ్మతు కలిపి 3 లక్షల రూపాయల ప్రాజెక్టు వేసుకున్నాము. చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం 2020లో వచ్చిన కేంద్ర పథకాన్ని అందరూ పీఎంఎఫ్‌ఎంఈ అంటారు. మేము దరఖాస్తు చేసినప్పుడు అందులో అర్హమైన ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం రాయితీ, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా వచ్చేది. కనీసం 10 శాతం మనం పెట్టుకోవాల్సి ఉండేది. అంటే మా వాటా 30,000, బ్యాంకు రుణం 2,70,000, రాయితీ 1,05,000 రూపాయలు. ప్రాజెక్టు నివేదిక రాసి, దరఖాస్తు పెట్టించడానికి జిల్లాలో రిసోర్స్ పర్సన్లు ఉండేవారు. రుణం మంజూరైతే వారికి ప్రభుత్వమే చెల్లించేది, మనం ఏమీ ఇవ్వనక్కర లేకపోయేది.

మొదట వెళ్లిన బ్యాంకు శాఖలో మేనేజరు గారు నివేదిక తిప్పి చూడకుండానే, "మీ ఆయనను తీసుకురండమ్మా, పొలం కాగితాలుంటే అవి కూడా తెండి" అన్నారు. మా ఆయన వస్తానన్నారు, అది పెద్ద విషయం కాదు. అక్కగారు మాత్రం ఒప్పుకోలేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 10 లక్షల రూపాయల దాకా ఇచ్చే రుణానికి తనఖా అడగకూడదని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పిందనీ, గొడవ పడకుండా, కాదంటే కారణం కాగితం మీద రాసి ఇమ్మని మర్యాదగా అడగమనీ నేర్పారు. అలాగే అడిగాము. రాసి ఇవ్వలేదు, రుణమూ ఇవ్వలేదు. నెలలు గడిచిపోయాయి. చివరకు మా సంఘం ఖాతా ఉన్న మరో శాఖకు వెళ్లి, సంఘం వాయిదాల చరిత్రతో పాటు మేము రాసిన నోటుబుక్కును కూడా బల్ల మీద పెట్టాము. అక్కడి ఫీల్డ్ ఆఫీసరు ఆ పుస్తకాన్నే ఎక్కువసేపు చూశారు. "ఈ నెలలో నువ్వుల కారం ఎందుకు తగ్గింది?" అని అడిగితే, నువ్వుల ధర పెరగడం, మేము పొట్లం బరువు తగ్గించకుండా ధర పెంచడం మా తోడికోడలు వివరంగా చెప్పింది. తరువాత యూనిట్ చూడటానికి వచ్చారు, రుణం మంజూరైంది. అది నా పేరున ఉన్న రుణం, వాయిదా కూడా నా ఖాతాలోంచే పోతుంది. యంత్రాల డబ్బు నేరుగా అమ్మినవారికే వెళ్లింది.

రాయితీ విషయంలో ఒక మాట ముందే తెలుసుకోవడం మంచిది. ఆ డబ్బు మన చేతికి రాదు. బ్యాంకులో విడిగా ఉంటుంది, వాయిదాలు సక్రమంగా కట్టి యూనిట్ నడుస్తుంటే మూడేళ్ల తరువాత రుణానికి జమ అవుతుంది. లక్ష రూపాయలు ముందే వస్తాయన్న ఆశతో దరఖాస్తు చేసి, నిరాశతో సగంలో వదిలేసినవాళ్లు మా మండలంలోనే ఉన్నారు.

కిరాణా కొట్లకు సరుకు వేయడం ఇంకా కుదుటపడలేదు. అమ్ముడుపోయాక డబ్బిస్తామంటారు, అడిగితే వచ్చే వారం అంటారు. అక్కగారి సలహాతో, పాత బాకీ తీరాకే కొత్త పెట్టె దించుతున్నాము. అందువల్ల రెండు కొట్లు పోయాయి, మిగిలినవి సమయానికి ఇస్తున్నాయి. ప్రస్తుతం మా మధ్య నడుస్తున్న లెక్క మిర్చి గురించి. గుంటూరు యార్డుకు కొత్త పంట వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏడాదికి సరిపడా కొని శీతల గిడ్డంగిలో పెట్టాలని మా తోడికోడలి పట్టు. గిడ్డంగి అద్దె, అప్పు మీద వడ్డీ, రానూపోనూ రవాణా కలిపితే నెల నెలా కొనడం కంటే ఎంత మిగులుతుందో ముందు రాసి చూపించమని అక్కగారు అడిగారు. సగం ఏడాదికి సరిపడా కొంటే మేలేమోనని నాకు అనిపిస్తోంది. ధరలు రాసుకుంటున్నాము, సంక్రాంతి వెళ్లాక ముగ్గురమూ కూర్చుని తేలుస్తాము.