నొప్పి తెలియని కాలుతో

కుష్ఠుకు పన్నెండు నెలలు ఎండీటీ గోళీలు (కొన్ని మందులు కలిపి ఇచ్చే కోర్సు) మింగాక నా కార్డు మీద చికిత్స పూర్తయిందని రాసిచ్చారు. ఒంట్లో క్రిములు చచ్చాయి, నా నుంచి ఎవరికీ అంటదు. కుడి అరికాలికి పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు సగం ముడుచుకునే ఉన్నాయి. మా వైపు చాలామంది పొరబడేది ఇక్కడే. కాలికి పుండు పడితే పెద్దరోగం తిరగబెట్టిందని గోళీల కోసం మళ్లీ దవాఖాన చుట్టూ తిరుగుతారు. ఆ పుండు క్రిమి వల్ల రాదు, నొప్పి తెలియని కాలితో మామూలుగా నడవడం వల్ల వస్తుంది. చెప్పులో పల్లేరుకాయ పడితే ఎవరైనా రెండో అడుగుకే ఆగి దులుపుకుంటారు. నేనైతే దేవరకొండ అంగడి దాకా దాని మీదే నడిచి పోగలను. అందుకని నొప్పి చేయాల్సిన పని కళ్లతో, చేత్తో చేయించుకోవాలి.

పొద్దున మంచం దిగకముందే ఎడమచేతి వెనకభాగాన్ని ఒక పాదానికి, తర్వాత రెండోదానికి ఆనించి చూస్తాను. ఆ చేతికి స్పర్శ బాగుంది కాబట్టి సరిపోయింది. రెండు చేతులూ మొద్దుబారినవాళ్లు ఇంట్లోవాళ్లతో పట్టి చూపించుకోవాలి. బొటనవేలి మొదట్లోనో, వేళ్ల కింది కండ మీదో, మడమ అంచునో ఒకచోట మిగతా కాలికన్నా వెచ్చగా, ఉబ్బుగా ఉందంటే, పైన చర్మం పగలకపోయినా లోపల నలిగిందని అర్థం. ఆ రోజు చేను బంద్. వేడి, వాపు దిగేదాకా కాలు కింద మోపకూడదు. ఇంత చిన్నదానికా అని పత్తి ఏరడానికి పోతే అదే పగిలి, వారాల తరబడి మానని పుండవుతుంది.

సాయంత్రం అరగంట నానబెట్టుకోవడం. బేసిన్‌లో చీలమండ మునిగేన్ని చన్నీళ్లు చాలు. ఉప్పు, డెట్టాల్ ఏమీ అక్కర్లేదు. వేడినీళ్లు అసలే వద్దు, కాలితే తెలియదు కదా. నరం దెబ్బతిన్నచోట చెమట కూడా పట్టదు, అందుకే చర్మం ఎండిన చెరువులా నెర్రెలు బారుతుంది. ఆ నెర్రెల్లోకి మట్టి పోయి చీము పడుతుంది. నానాక మెత్తబడిన ఆనెకాయను గరుకు రాయితో రుద్దాలి, తెల్లగా ఉబ్బిన పొర పోయేదాకానే. బ్లేడు పెట్టొద్దు. తర్వాత కాలు తుడవకుండా, నీళ్లు జారిపోగానే ఆ తడి మీదే కొబ్బరినూనె రాయాలి. నూనె పని తడిని బయటికి పోనివ్వకపోవడం. పొడి కాలికి ఎంత రాసినా పైపై జిడ్డే.

ఎంసీఆర్ చెప్పులు, అంటే లోపల మెత్తటి రబ్బరు అట్ట ఉన్నవి, సర్కారు దవాఖానలో ఉచితం. లోపలి రబ్బరును రెండు వేళ్ల మధ్య నొక్కితే బాగా అణగాలి, వదలగానే లేవాలి. లేవకపోతే ఆ జత పనైపోయినట్టే. కింది అట్ట గట్టిగా ఉండాలి, సర్కారు తుమ్మ ముల్లు దిగకుండా. మడమ వెనక పట్టీ తప్పనిసరి. హవాయి చెప్పును వేళ్లతో పట్టుకుని నడవాలి, మొద్దుబారిన వేళ్లకు అది జారిపోయినా తెలియదు. పట్టీ తెగితే జిగురు, దారం తప్ప మేకు కొట్టనివ్వొద్దు. ఒకసారి నేను చూసుకోలేదు, చెప్పులో నెత్తుటి మరక కనబడ్డాకే అందులో మేకుందని తెలిసింది. వేసుకునే ముందు తిరగేసి దులపడం, లోపల చేత్తో తడమడం రోజూ చేయాల్సిందే.

పుండు పడితే సబ్బునీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, నడక మానాలి. ఏ ఆయింట్‌మెంటూ దీనికి సాటిరాదు. చీము, వాసన, జ్వరం, కాలు వాపు ఉంటే ఇంట్లో ఆగొద్దు.

చేతులకు చాయ్ గ్లాసే పెద్ద గండం, స్టీలుదైతే మరీ. ఇంట్లో నాకు పిడి ఉన్న కప్పు వేరే ఉంది. సర్వ దించాలంటే మసిగుడ్డ మందంగా మడిచి పట్టాలి. కొడవలి పిడికి పాత సైకిల్ ట్యూబ్ చుట్టుకున్నాను. ముడుచుకున్న వేళ్ల కోసం చెయ్యి వెల్లకిలా తొడ మీద పెట్టి, నూనె రాసి, రెండో అరచేత్తో మెల్లగా సాగదీస్తాను. ఒక్కో విడతకు పదిసార్లు, రోజుకు రెండు మూడు విడతలు. దీంతో నరం బాగుపడదు, కీలు బిగుసుకోకుండా ఉంటుంది. కీలు వంగుతుంటేనే తర్వాత ఆపరేషన్‌తో వేళ్లు సరిచేయడం సులువు.

అన్నిటికన్నా తొందరపడాల్సింది రియాక్షన్ వచ్చినప్పుడు, అంటే ఒంట్లోని క్రిముల మీద ఒళ్లే తిరగబడి మచ్చలు, నరాలు వాచినప్పుడు. పాత మచ్చలు ఎర్రబడి ఉబ్బుతాయి, మోచేతి దగ్గర నరం గుంజుతుంది, రోజుల్లోనే పట్టు తగ్గుతుంది. గోళీల కోర్సు అయిపోయాక కూడా ఇది రావచ్చు. అన్నం ముద్ద జారుతోందన్నా, చొక్కా గుండీ పెట్టడం రావట్లేదన్నా, నడుస్తుంటే పాదం ముందుభాగం నేలకు తగులుతోందన్నా, కన్ను పూర్తిగా మూతపడట్లేదన్నా వెంటనే పీహెచ్‌సీకి పోవాలి. డాక్టరు వాపు తగ్గించే ప్రెడ్నిసోలోన్ మొదలుపెడతారు, మామూలుగా రోజుకు 40 మిల్లీగ్రాములతో. దాన్ని మెల్లమెల్లగా తగ్గిస్తూ డాక్టరు చెప్పినన్ని వారాలు వాడాలి. నొప్పి పోయిందని మధ్యలో ఆపితే నరం మళ్లీ వాస్తుంది. ఎండీటీ ఇంకా నడుస్తుంటే దాన్నీ ఆపొద్దు. బలం తగ్గి ఆరు నెలలు దాటాక దవాఖానకు పోతే ఈ మందుతో తిరిగొచ్చేది తక్కువ. నా రెండు వేళ్లూ అలా ఆలస్యం చేసి పోగొట్టుకున్నవే. అప్పట్లో పత్తి ఏరి ఏరి పట్టు తప్పిందనుకున్నాను.

నాట్లప్పుడు బురదలోకి దిగను. గట్టు మీద నిలబడి నారు కట్టలు అందిస్తాను, అదీ పట్టీ బిగించిన చెప్పులతోనే.