బ్యాంకు అంటే ఒడ్డు కూడా

నెల్లూరులో పదో తరగతి చదువుతున్న మా మేనకోడలు, రంగనాథస్వామి ఆలయం పెన్నా ‘బ్యాంకు’ మీద ఉందన్న ఇంగ్లీషు వాక్యం చదివి, “గుడికి అక్కడ ఖాతా ఉందా మామయ్యా?” అని అడిగింది. నవ్వు వచ్చినా ఆ సందేహం సహేతుకమే.

డబ్బు దాచుకునే బ్యాంకుకు మూలం, బల్ల అనే అర్థమున్న ‘బాంకా’ అనే ఇటాలియన్ మాట. నాణేలు మార్చే వ్యాపారులు బల్ల వేసుకొని కూర్చునేవారు కనుక ఆ పేరు వ్యాపారానికే స్థిరపడింది. దివాలా తీసినవాణ్ణి ‘బ్యాంక్‌రప్ట్’ అనడంలో ఉన్నది విరిగిన ఆ బల్లే. నదికి వాడే బ్యాంకు మాత్రం స్కాండినేవియా వైపు నుంచి వచ్చిన మాట, అయితే మరీ వెనక్కి వెళితే రెండూ ఒకే జర్మానిక్ మూలానికి చేరతాయి. విమానం ఒక పక్కకు ఒరిగి మలుపు తిరగడాన్నీ, ఒకరిని నమ్ముకోవడాన్నీ ఇదే మాటతో చెబుతారు.

పర్యాయపదాల దగ్గరే అసలు చిక్కు. పెన్నకైనా మైపాడు సముద్రానికైనా మనం ఒడ్డు అనే అంటాం. ఇంగ్లీషువారు నదికి బ్యాంక్, సముద్రానికి షోర్ అని వేరు చేస్తారు. అయితే మన చెరువుకు కట్ట ఉంది, అది మనుషులు కట్టినది. దానికి ఇక్కడి ఇంగ్లీషులో వాడే ‘బండ్’ ఫారసీ నుంచి వచ్చింది. నీటిలో ఉన్నవాడు చేరుకోవలసిన ‘దరి’కి సరిపోయే ఇంగ్లీషు మాట మాత్రం నాకు ఇంకా దొరకలేదు.