పిల్లలతో తమాలే: ఆకు విప్పేదాకా ఆగండి

మెక్సికోలో జనవరి 6న రోస్కా అనే గుండ్రటి తీపి రొట్టె కోస్తారు. లోపల దాచిన బుల్లి బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న, కాండెలారియా పండుగనాడు, అందరికీ తమాలేలు పెట్టాలి. తమాలే అంటే మొక్కజొన్న పిండి మధ్యలో కూర పెట్టి, ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం. ఆ రోజుల్లో పిల్లలతో అక్కడికి వెళ్తే ముందు ఈ సంగతి చెప్పండి. "మన కుడుములాంటిదే" అని మాత్రం తొందరపడి అనొద్దు. దాని పేరు, దాని పండుగ పిల్లలకు ముందు తెలియాలి. కోనసీమ పనసాకుల పొట్టిక్కలు తిన్న పిల్లలైతే ఆకు విప్పగానే పోలిక వాళ్లే పట్టేస్తారు.

శాకాహారులు లోపలి కూర ఒక్కటే చూస్తే చాలదు. మిరప చీలికలు, చీజ్ పెట్టే 'రాహాస్' రకంలోనూ పిండిలో పందికొవ్వు, కోడి ఉడికించిన నీళ్లు కలుస్తుంటాయి. 'మంతేకా' అంటే సాధారణంగా పందికొవ్వు, 'మంతెకీయా' అంటే వెన్న. ఈ రెండు మాటలూ నేర్పితే అంగట్లో పిల్లలే అడుగుతారు.

ఇంట్లో చేయాలంటే 'మాసా హరీనా' పిండే కొనాలి. అది సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నతో చేసింది. మామూలు మొక్కజొన్న పిండి ముద్ద కట్టదు. అర కిలో పిండికి 250 గ్రాముల వనస్పతి, రెండు చిన్న చెంచాల ఉప్పు, చెంచాన్నర బేకింగ్ పౌడర్, సుమారు 650 మి.లీ. కూరగాయలు ఉడికించిన గోరువెచ్చని నీళ్లు పడతాయి. వనస్పతిని ముందు తెల్లగా, నురగలా అయ్యేదాకా గిలకొట్టాలి. ఇక్కడ తొందరపడితే తమాలే గట్టిగా రాయిలా వస్తుంది. అన్నీ కలిపాక చిన్న ఉండ చన్నీళ్లలో వేస్తే తేలాలి, మునిగితే ఇంకా గిలకొట్టాలి. ఈ పరీక్ష పూర్తిగా పిల్లలదే.

మొక్కజొన్న పొత్తుల ఎండాకులు గంటసేపు వేడినీళ్లలో నానాలి. చిన్నపిల్లలు తుడిచిస్తే పెద్దపిల్లలు నునుపు వైపు, వెడల్పు భాగంలో పిండి పలచగా పులమొచ్చు. మధ్యలో కూర పెట్టి, పక్కలు మూసి, మొన మడిచి, మూతి పైకి ఉండేలా ఆవిరి గిన్నెలో నిలబెట్టండి. నీళ్లు తగిలితే అడుగు చిత్తడవుతుంది. 60 నుంచి 75 నిమిషాలు పడుతుంది. అడుగు నీళ్లలో ఒక నాణెం వేయండి. గలగల ఆగిందంటే నీళ్లు ఇంకిపోయాయి, వేడినీళ్లే పోయాలి.

దించగానే విప్పితే పిండి ఆకుకు అంటుకుంటుంది. 15 నిమిషాలు ఆగినా ఊడకపోతే మరో 10 నిమిషాలు ఆవిరి పెట్టండి.