నిచ్చెన బొమ్మ చూసి వైరింగే అనుకున్నా: నా పీఎల్‌సీ ట్రైనింగ్ అనుభవం

పీఎల్‌సీ (ఫ్యాక్టరీ మెషిన్లని ప్రోగ్రామ్ ప్రకారం నడిపే చిన్న కంప్యూటర్) ట్రైనింగ్‌లో చేరినప్పుడు నాకు కొంచెం పొగరుండేది, దాచుకోను. అప్పటికే కొన్నేళ్ళుగా ప్యానెల్ వైరింగ్ చేస్తున్నా, రిలేలు కాంటాక్టర్లు (కాయిల్‌కి కరెంట్ ఇస్తే లాగి కలిసే స్విచ్‌లు) ఓవర్‌లోడ్లు అన్నీ చేతికి అలవాటే, డీఓఎల్ స్టార్టర్ (మోటార్‌ని నేరుగా లైన్‌కి కలిపేది) అయితే కళ్ళు మూసుకుని కట్టేస్తా (నిజంగా మూసుకోనులెండి). క్లాసులో సగం మంది అసలు ప్యానెల్ తలుపు తీసి చూడనివాళ్ళు. ల్యాడర్ (పీఎల్‌సీకి ప్రోగ్రామ్ రాసే నిచ్చెన లాంటి బొమ్మల భాష) అంటే మనం గీసే కంట్రోల్ డ్రాయింగే కదా, కాస్త పక్కకి తిప్పి గీస్తారంతే, రెండ్రోజుల్లో తేలిపోతుంది అనుకున్నా. తీరా చూస్తే ఎక్కువసార్లు పప్పులో కాలేసింది నేనే.

కిట్ మీద సీమెన్స్ ఎస్7-1200 ఉంది, 1214సీ మోడల్, అంటే 14 డిజిటల్ ఇన్‌పుట్లు 10 అవుట్‌పుట్లు. మొదటి రోజంతా వైరింగే కాబట్టి నా రాజ్యం నడిచింది. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి 24 వోల్టులు తెచ్చి, ఇన్‌పుట్ల కామన్ టెర్మినల్ 1ఎం ని మైనస్‌కి కట్టి, పుష్‌బటన్లు కలిపేశా. ఒక్క సెన్సార్ దగ్గర ఆగిపోయా. దాని ముందు ఇనుప ముక్క పెడితే సెన్సార్ మీద లైట్ వెలుగుతోంది కానీ పీఎల్‌సీ మీద ఇన్‌పుట్ లైట్ వెలగట్లేదు. మీటర్ పట్టుకుని అరగంట తిరిగాక తెలిసింది అది ఎన్‌పీఎన్ సెన్సార్ అని. ఎన్‌పీఎన్ పనిచేసినప్పుడు సిగ్నల్ వైరుని మైనస్‌కి లాగుతుంది, పీఎన్‌పీ అయితే ప్లస్ ఇస్తుంది. నేను కామన్ మైనస్‌కి కట్టాను కాబట్టి ఇటూ మైనస్ అటూ మైనస్, ఇంక కరెంట్ ఎక్కడ పారుతుంది? పీఎన్‌పీ సెన్సార్ పెట్టగానే వెలిగింది. ఇంకోటి, ఇన్‌పుట్ల అడ్రస్‌లు ఐ0.7 తర్వాత ఐ0.8 ఉండదు, ఐ1.0 కి వెళ్ళిపోతుంది, బైట్‌కి ఎనిమిది బిట్లే కాబట్టి.

ల్యాప్‌టాప్‌కి పీఎల్‌సీ కనబడకపోవడం అందరికీ జరిగింది. ఐపీ అడ్రస్ ఒకే సబ్‌నెట్‌లో లేకపోవడం, లేదంటే కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌లో మాత్రం వైఫై అడాప్టర్ సెలెక్ట్ చేసుకోవడం. అంతే, దాని గురించి ఇంక చెప్పేదేం లేదు.

అసలు కథ రెండో రోజు. మొదటి ప్రోగ్రామ్ అందరికీ తెలిసిందే, స్టార్ట్ నొక్కితే మోటార్ ఆన్ అవ్వాలి, చెయ్యి తీసేసినా తిరుగుతూనే ఉండాలి, స్టాప్ నొక్కితే ఆగాలి. దీనికి కూడా నాకు నేర్పాలా అనుకుంటూ చకచకా గీసేశా: స్టార్ట్‌కి ఎన్ఓ కాంటాక్ట్ (నొక్కితే కలిసేది), దానికి పారలల్‌గా క్యూ0.0 (మోటార్‌కి వెళ్ళే అవుట్‌పుట్) హోల్డింగ్, సిరీస్‌లో స్టాప్‌కి ఎన్‌సీ కాంటాక్ట్ (మామూలుగా కలిసుండి, నొక్కితే తెగేది), చివర క్యూ0.0 కాయిల్. బయట స్టాప్ బటన్ కూడా ఎన్‌సీనే కట్టా, ఎప్పుడూ కట్టేది అలాగే కదా. డౌన్‌లోడ్ చేసి స్టార్ట్ నొక్కా. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కా (అదేదో గట్టిగా నొక్కితే అవుతుందన్నట్టు). ఊహూ. పక్కన కూర్చున్న కుర్రాడు ఊరికే స్టాప్ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే కాంటాక్టర్ టక్కుమని లాగింది. స్టాప్ వదిలితే పడిపోయింది. "అన్నా, మీ మోటార్ స్టాప్ నొక్కితేనే నడుస్తుందన్నా" అని వాడు నవ్వుతుంటే నా మొహం చూడాలి.

సార్ వచ్చి ఏమీ చెప్పలేదు, "మానిటరింగ్ ఆన్ చేసి చూడు బాబూ" అని వెళ్ళిపోయారు. చూస్తే, దారి ఎక్కడివరకూ ఉందో చూపించే పచ్చగీత స్టాప్ కాంటాక్ట్ దగ్గరే ఆగిపోయి ఉంది. అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. స్క్రీన్ మీద ఉన్న కాంటాక్ట్ నా బటన్ కాదు. అది "ఈ ఇన్‌పుట్ బిట్ ఇప్పుడు ఒకటా సున్నానా" అని అడిగే ప్రశ్న. బయట ఎన్‌సీ బటన్ నొక్కనప్పుడు కరెంట్ వస్తూనే ఉంటుంది, అంటే బిట్ ఒకటి. ల్యాడర్‌లో ఎన్‌సీ గుర్తు అంటే బిట్ సున్నా అయితేనే దారి ఇస్తుంది. అంటే నేను రెండుసార్లు తిరగేశానన్నమాట. ల్యాడర్‌లో మామూలు ఎన్ఓ గుర్తు పెట్టగానే అంతా సరిపోయింది.

నేను తెలివిగా, అలాంటప్పుడు బయట కూడా ఎన్ఓ బటన్ పెట్టి ల్యాడర్‌లో ఎన్‌సీ గీస్తే చూడ్డానికి బాగుంటుంది కదా సార్ అన్నా. ఆయన సరే అలాగే చెయ్యి అన్నారు. చేశా, బానే నడిచింది. మోటార్ తిరుగుతుండగా సార్ స్టాప్ బటన్ వైర్ ఒకటి పీకేసి "ఇప్పుడు ఆపు" అన్నారు. ఎంత నొక్కినా ఆగట్లేదు. మళ్ళీ పాత పద్ధతికి మార్పించి అదే వైర్ పీకారు, పీకిన క్షణంలోనే ఆగిపోయింది. వైర్ తెగితే మెషిన్ ఆగాలి గానీ ఆపలేని స్థితికి రాకూడదు. ఇన్నేళ్ళూ స్టాప్‌కి ఎన్‌సీ కడుతూనే ఉన్నా, ఎందుకో మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఎమర్జెన్సీ స్టాప్ సంగతి ఇంకా వేరే అన్నారు, దాన్ని మామూలు పీఎల్‌సీ ప్రోగ్రామ్‌కి వదిలెయ్యకుండా సేఫ్టీ రిలే ద్వారా నేరుగా పవర్ తెగేలా కట్టాలి, పీఎల్‌సీకి నొక్కారన్న సమాచారం మాత్రం ఇస్తే చాలు.

ఆ రోజే సార్ చిన్న చరిత్ర చెప్పారు. 1968లో జనరల్ మోటార్స్ వాళ్ళు రిలే ప్యానెళ్ళతో విసిగిపోయి వాటి బదులు ఇంకేదైనా కావాలని అడిగితే డిక్ మోర్లీ వాళ్ళ బృందం మోడికాన్ 084 తయారుచేసింది, వాళ్ళ ఎనభై నాలుగో ప్రాజెక్ట్ కాబట్టి ఆ పేరు. ప్లాంట్‌లో ఎలక్ట్రీషియన్లు చూడగానే చదవగలగాలని దాని భాషని రిలే డ్రాయింగ్‌లా పెట్టారు. అంటే నాలాంటివాళ్ళ కోసమే అలా ఉందన్నమాట, నేను బోల్తా పడింది కూడా అలా ఉన్నందుకే!

ఆ బోల్తా ఇంకోసారి కూడా పడ్డా. ఆటో, మాన్యువల్ రెండు మోడ్‌లు పెట్టమన్నారు. నేను ఆటో కోసం ఒక రంగ్ (నిచ్చెన మెట్టు లాంటి ఒక వరస), మాన్యువల్ కోసం కింద ఇంకో రంగ్ గీసి రెండింటి చివరా క్యూ0.0 కాయిలే పెట్టా. ప్యానెల్‌లో ఒక కాయిల్‌కి రెండు దారుల్లో వైర్లు తెస్తే ఏది వచ్చినా లాగుతుంది కదా. ఇక్కడ మాన్యువల్ పనిచేస్తోంది, ఆటో అస్సలు చెయ్యట్లేదు, మానిటరింగ్‌లో చూస్తే మాత్రం ఆటో రంగ్ మొత్తం పచ్చగా ఉంది. పిచ్చెక్కింది. సంగతేంటంటే పీఎల్‌సీ ముందు ఇన్‌పుట్లన్నీ చదువుకుంటుంది, తర్వాత పైనుంచి కిందకి ప్రోగ్రామ్ లెక్కేసుకుంటూ వస్తుంది, అవుట్‌పుట్లు బయటికి రాస్తుంది, మళ్ళీ మొదటికి, ఇది మిల్లీసెకన్లలో తిరుగుతూనే ఉంటుంది. ఆటో రంగ్ క్యూ0.0 ని ఒకటి చేస్తే కింద మాన్యువల్ రంగ్ వెంటనే సున్నా చేసేస్తోంది. చివర ఎవడు రాస్తే వాడిదే మాట. రెండు షరతుల్నీ పారలల్‌గా పెట్టి కాయిల్ ఒక్కటే ఉంచాలి.

స్కాన్ అర్థమయ్యాక కూడా దాని దెబ్బ తగిలింది. బాక్సులు లెక్కపెట్టడానికి కౌంటర్ వాడకుండా, ఎలాగూ కూడికే కదా అని యాడ్ బ్లాక్ పెట్టా. సెన్సార్ ముందు ఒక్కసారి చెయ్యి ఊపితే లెక్క 140 దాటింది. సిగ్నల్ ఉన్నంతసేపూ ప్రతి స్కాన్‌కీ ఒకటి కలుపుతూ పోయింది. సున్నా నుంచి ఒకటికి మారే ఆ ఒక్క స్కాన్‌నే పట్టుకునే ఎడ్జ్ కాంటాక్ట్ పెడితే ఒకటికి ఒకటే పడింది. టీఓఎన్ టైమర్‌కి (ఇన్‌పుట్ వచ్చి, పెట్టిన సమయం అయ్యాక ఆన్ అయ్యేది) పుష్‌బటన్ నేరుగా ఇచ్చి వదిలేసి పది సెకన్లు ఎదురుచూడడం కూడా చేశా, ఇన్‌పుట్ పోగానే దాని లెక్క సున్నా అయిపోతుందని తెలీక.

అన్నిటికంటే నవ్వొచ్చేది ఎం0.3 (పీఎల్‌సీ లోపలి ఒక మెమరీ బిట్) గొడవ. లైట్ మినుకుమినుకుమనడానికి క్లాక్ మెమరీ (వాటంతటవే ఆన్ ఆఫ్ అయ్యే బిట్లు) ఆన్ చేసుకున్నా, అది ఎంబీ0 అనే బైట్ మొత్తాన్నీ తీసేసుకుంటుంది, అందులో ఎం0.3 సెకనుకి రెండుసార్లు కొట్టుకుంటుంది. నేనేమో అదే ఎం0.3 ని ఆటో మోడ్ బిట్‌గా వాడుకున్నా. కాంటాక్టర్ టకటకటక అని డప్పు వాయిస్తుంటే క్లాసంతా వచ్చి నిలబడ్డారు.

చివరి రోజు పరీక్ష ఏంటంటే, మేం బ్రేక్‌కి వెళ్ళినప్పుడు సార్ ప్రతి కిట్‌లో ఒక ఫాల్ట్ పెట్టి ఉంచారు, వెతకాలి. నా దాంట్లో స్టార్ట్ నొక్కితే కాంటాక్టర్ లాగట్లేదు. ఈసారి ల్యాడర్ జోలికి పోకుండా ముందు పీఎల్‌సీ మీద ఇన్‌పుట్ లైట్లు చూశా. స్టాప్ ఇన్‌పుట్ లైట్ లేదు. వైర్ పట్టి లాగితే టెర్మినల్ నుంచి ఊడొచ్చింది. బిగించగానే లైట్ వచ్చింది, ఛాతీ విరుచుకుని "దొరికింది సార్" అన్నా. ఆయన వచ్చి చూసి, "ఇది నేను పెట్టింది కాదు, నువ్వే సరిగ్గా బిగించలేదు, నాది ఇంకా ఉంది వెతుకు" అన్నారు. స్టార్ట్ నొక్కితే ఇంకా లాగట్లేదు మరి. ఇంకో ఇరవై నిమిషాలకి దొరికింది, నేను తెరవని వేరే ప్రోగ్రామ్ బ్లాక్‌లో అడుగున, ఎక్కడా వాడని, ఎప్పుడూ సున్నాగానే ఉండే ఒక మెమరీ బిట్ కాంటాక్ట్, దాని చివర క్యూ0.0 కాయిల్.